ఫోర్క్ మార్చమని వచ్చిన సైకిల్: ఒక హార్డ్‌టెయిల్ తొమ్మిది నెలల కేసు

"అన్నా, ఈ ఫోర్క్ పనికిరాదు. 150 మిల్లీమీటర్ల ఎయిర్ ఫోర్క్ వేసేయండి."

కొత్త హార్డ్‌టెయిల్, అంటే ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న కొండదారి సైకిల్, కొన్న ఆరు వారాలకు ఒకావిడ మెకానిక్‌నైన నాతో అన్న మాట ఇది. ఫోర్క్ అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచి, దెబ్బకు కుంగి లేచే భాగం. 150 అంటే అది కుంగగల దూరం. ఎయిర్ ఫోర్క్‌లో లోహపు స్ప్రింగు బదులు గాలే స్ప్రింగు. దిగుడులో ముందు చక్రం రాళ్ల మీద ఎగిరెగిరి పడుతోంది. పావుగంట దిగేసరికి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, ముంజేతులు కట్టెల్లా బిగుసుకుంటున్నాయి. కూడా తొక్కేవాళ్లంతా కలిసి దీనికి ఫోర్కే కారణమని తేల్చేశారు.

ఫోర్క్ మార్చాం, కాదనను. కానీ మార్చింది అయిదో నెలలో, అదీ 150 కాదు, 130. వేళ్ల తిమ్మిరి మాత్రం నా దగ్గరికి వచ్చిన మొదటి వారంలోనే పోయింది, ఒక్క భాగం కూడా కొనకుండా. నా స్టాండ్ ఎక్కే కొత్త హార్డ్‌టెయిళ్లలో చాలావాటిది ఇదే కథ కాబట్టి, ఏ పని ఎప్పుడు చేశానో, ఎందుకు చేశానో పూర్తిగా రాస్తున్నాను.

రైడర్ వయసు 38, ఎత్తు 164 సెంటీమీటర్లు, బరువు 61 కిలోలు. హెల్మెట్, బ్యాగు, నీళ్లు కలిపితే 64. రోడ్డు సైకిల్ నాలుగేళ్లు తొక్కారు కాబట్టి కాళ్లలో దమ్ము ఉంది. రాళ్లు, చెట్ల వేళ్లు ఉన్న కొండదారులే కొత్త. వెనక సస్పెన్షన్ ఉంటే దాని బేరింగులు, షాక్ సర్వీసు తనవల్ల కాదని ముందే తీర్మానించుకుని హార్డ్‌టెయిల్ అనుకున్నారు. ఆ తీర్మానం నాకూ నచ్చింది.

కొనేముందు

కొనకముందే ఒకసారి రెండు సైకిళ్ల వివరాలు పట్టుకుని వచ్చారు. మొదటిదానికి వెనక 12 గేర్లు, మంచి డెరైలర్ (చైన్‌ను గేరు నుంచి గేరుకు జరిపే భాగం). రెండోదానికి 9 గేర్లే, 11 నుంచి 42 పళ్ల క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి). ఎవరు చూసినా మొదటిదే గొప్పదనిపిస్తుంది. నేను గేర్లు చూడకుండా ముందు మూడు అంకెలు వెతికాను: హెడ్ ట్యూబ్ (ఫోర్క్ కాడ దూరే ఫ్రేమ్ గొట్టం) కొలత, ఇరుసుల కొలత, హెడ్ యాంగిల్ (ఆ గొట్టం నేలతో చేసే కోణం).

మొదటి సైకిల్ హెడ్ ట్యూబ్ పైనుంచి కింది దాకా ఒకే లావు, పాత పద్ధతి 34 మిల్లీమీటర్ల బేరింగ్ కప్పులు. చక్రాలకు క్విక్ రిలీజ్ (చిన్న లివరుతో బిగించే సన్నటి) ఇరుసులు, ముందు 100, వెనక 135 మిల్లీమీటర్ల వెడల్పు. హెడ్ యాంగిల్ 69.5 డిగ్రీలు. రెండోది టేపర్డ్, అంటే ఫోర్క్ కాడ పైన 28.6 మిల్లీమీటర్లు, కింద అంగుళంన్నర. ముందు 110 వెడల్పున 15 మిల్లీమీటర్ల లావు త్రూ యాక్సిల్ (చక్రంలోంచి దూర్చి మర బిగించే ఇరుసు), వెనక 148 వెడల్పున 12 మిల్లీమీటర్లది. హెడ్ యాంగిల్ 66. సీట్ ట్యూబ్ (సీటు పోస్టు దిగే గొట్టం) కింద డ్రాపర్ (తొక్కుతూనే సీటును దించే, ఎత్తే పోస్టు) కేబుల్ కోసం రంధ్రం కూడా ఉంది.

డెరైలర్ ఒక్క బోల్టుతో ఊడొస్తుంది. హెడ్ ట్యూబ్ ఊడి రాదు. ఇవాళ దొరికే మంచి ఎయిర్ ఫోర్కులు దాదాపు అన్నీ టేపర్డ్ కాడతోనే వస్తాయి, ఆ కాడ 34 మిల్లీమీటర్ల గొట్టంలో దూరదు. ఏదో ఒక ఫోర్క్ దొరికినా దాని ఇరుసు 110×15 అయితే ముందు చక్రం కూడా మార్చాలి. అంటే మొదటి సైకిల్ కొంటే ఫోర్క్ మార్చాలన్న రోజు సగం సైకిల్ మార్చాల్సిందే.

హెడ్ యాంగిల్ సంగతి ఇంకొంచెం చెప్పాలి, హార్డ్‌టెయిల్‌లో అసలు కీలకం అదే. రెండు వైపులా సస్పెన్షన్ ఉన్న సైకిల్ దెబ్బ తగిలినప్పుడు ముందూ వెనకా కలిసి కుంగుతుంది. హార్డ్‌టెయిల్‌లో ముందు ఒక్కటే కుంగుతుంది, వెనక కుంగదు. కాబట్టి ఫోర్క్ నొక్కుకుపోయిన కొద్దీ సైకిల్ మొత్తం ముందుకు వాలి హెడ్ యాంగిల్ నిటారుగా మారుతుంది. లెక్క సుమారుగా 20 మిల్లీమీటర్లకు ఒక డిగ్రీ. సరిగ్గా ఏటవాలు దిగుడులో బ్రేకు పట్టి ఫోర్క్ 60 మిల్లీమీటర్లు కుంగిన క్షణాన 69.5 డిగ్రీల సైకిల్ 72.5 అయిపోతుంది. మనిషిని హ్యాండిల్ మీదుగా విసిరేసే వాలు అది. 66 డిగ్రీలది ఆ క్షణాన 69 దగ్గర నిలుస్తుంది. కాగితం మీద 66 చూసి "ఎక్కుడులో బరువుగా ఉంటుందేమో" అని భయపడేవాళ్లకు నేను ఎప్పుడూ ఈ లెక్కే వేసి చూపిస్తాను.

సైజు విషయంలో ఆవిడ ఎత్తుకు స్మాల్, మీడియం రెండూ సరిపోతాయి. స్మాల్ తీసుకోమన్నాను. సీట్ ట్యూబ్ 400 మిల్లీమీటర్లే కాబట్టి తర్వాత డ్రాపర్ పోస్టుకు చోటు మిగులుతుంది. మీడియంలో 440. రెండో సైకిల్, స్మాల్ సైజు కొన్నారు.

ఆరు వారాల తర్వాత స్టాండ్ మీద

ఫోర్క్ మార్చమని వచ్చిన రోజు నేను ముందుగా తీసింది గాలి గేజ్. ముందు 42 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), వెనక 43. అమ్మినవాళ్లు నింపిన గాలే అది, ఆరు వారాలుగా ఆవిడ పంపు పట్టి అదే అంకెకు తెచ్చుకుంటున్నారు. రోడ్డు సైకిల్ అలవాటు: గాలి తగ్గితే తప్పు చేసినట్టు. 2.4 అంగుళాల టైరు, 64 కిలోల బరువు. అంత గాలితో టైరు రాయి మీద కుదురుకోదు, బంతిలా ఎగురుతుంది.

తర్వాత ఫోర్క్ కాలికి సన్నటి జిప్ టై కట్టాను. గోడకు ఆనుకుని, పెడల్స్ మీద లేచి, దిగుడులో నిలబడే భంగిమలో నిలబడమన్నాను. మెల్లగా దిగాక చూస్తే జిప్ టై 9 మిల్లీమీటర్లు జరిగింది, మనిషి బరువుకు ఫోర్క్ కుంగింది అంతే. 120 మిల్లీమీటర్ల ఫోర్క్‌లో 24 దాకా కుంగాలి. అదే జిప్ టైతో ఆవిడ అలవాటైన దారి ఒకసారి దిగి వచ్చారు. మొత్తం దారిలో ఫోర్క్ వాడుకున్నది 58 మిల్లీమీటర్లు, సగం కూడా లేదు. ఆవిడకున్న 120లో 60 మిల్లీమీటర్లు వృథాగా పడి ఉంటే ఇంకో 30 కొనమంటున్నారు అందరూ.

ఇది కాయిల్ ఫోర్క్, అంటే లోహపు స్ప్రింగుది. లోపలి స్ప్రింగు గట్టితనం ఆవిడ కంటే బరువైన మనిషికి సరిపోయేది. పైన ఉన్న, స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచే ప్రీలోడ్ నాబ్ పూర్తిగా వదులు చేశాను, కానీ దానితో స్ప్రింగు మెత్తబడదు. మొదట కదలడానికి పట్టే బలం కొంచెం తగ్గుతుంది, అంతే. అది చాలామంది అపోహపడే చోటు. తర్వాత అడుగు బోల్టులు రెండూ వదులు చేసి, మెల్లగా తట్టి కింది కాళ్లు ఊడదీశాను. బుష్‌ల (కాళ్లు జారే లోపలి వలయాల) మీద గ్రీజు ఉండాల్సిన చోట ఎండిపోయిన పలచటి పొర. కొత్త సైకిల్, ఆరు వారాలే. శుభ్రంగా తుడిచి సస్పెన్షన్ గ్రీజు పట్టించి బిగించాక కుంగుడు 14 మిల్లీమీటర్లకు, అదే దారిలో వాడకం 76కు వచ్చింది.

చేతుల సంగతికి ఫోర్క్‌తో సంబంధమే లేదు. హ్యాండిల్‌బార్ 780 మిల్లీమీటర్లు, ఆవిడ భుజాలకు అది మరీ వెడల్పు. బ్రేకు లీవర్ల మీద చూపుడువేలు ఆఖరి కణుపు కూడా పూర్తిగా పడటం లేదు, కాబట్టి రెండేసి వేళ్లతో బ్రేకు పట్టి, మిగతా రెండు వేళ్లతోనే హ్యాండిల్‌ను పిసికి పట్టుకుంటున్నారు. తిమ్మిరి అక్కడిది. లీవర్లను లోపలికి జరిపాను. లీవర్ మీద ఉండే రీచ్ స్క్రూ తిప్పి గ్రిప్‌కు దగ్గర చేశాను. ఒక్క చూపుడువేలు లీవర్ కొస వంపులో కూర్చునేదాకా సర్దాను. బార్ మాత్రం అప్పుడే కోయలేదు. గ్రిప్పులు రెండు వైపులా 20 మిల్లీమీటర్లు లోపలికి జరిపి వారం తొక్కించాను. బార్ కోశాక అతికించలేం. వారం తర్వాత "ఇలాగే బాగుందన్నా" అన్నాక 740కి కోశాను.

అదే రోజు ముందు టైరు 24, వెనక 27కి దించాను. లోపల ట్యూబు ఉంది కాబట్టి అంతకంటే తగ్గించడానికి ధైర్యం చాల్లేదు, రాయికీ రిమ్‌కూ మధ్య ట్యూబు నలిగి రెండు పళ్ల గాట్లు పడతాయి. ఆ ఆదివారం తొక్కి వచ్చి ఫోన్ చేశారు. తిమ్మిరి లేదు, ఎగరడం చాలా తగ్గింది. "ఫోర్క్ అప్పుడే వద్దులెండి" అని తనే అన్నారు.

ఆరు వారాలకు కొత్త సైకిల్‌కు చేయాల్సిన మామూలు పనులు కూడా అప్పుడే చేశాను. ముందు బ్రేకు పట్టి సైకిల్ ముందుకూ వెనక్కూ ఊపితే హెడ్‌సెట్‌లో (ఫోర్క్ కాడ తిరిగే బేరింగుల్లో) చిన్న టక్ మంది, బిగించాను. వెనక చక్రంలో పుల్లలు (స్పోకులు) కొన్ని కుదురుకుని వదులయ్యాయి, వాటిని సరిచేశాను.

టైర్లు, అందులో నా తప్పు ఒకటి

రెండో నెలలో ట్యూబ్‌లెస్ చేశాం, అంటే ట్యూబు తీసేసి టైరులోనే గాలి నిలిచేలా. రిమ్ మీద ట్యూబ్‌లెస్ రెడీ అని ముద్ర ఉంది. టైర్లకు లేదు, కాబట్టి టైర్లు కొనాలి. ముందుకు పెద్ద ముళ్లున్న మెత్తటి రబ్బరు టైరు, వెనకకు ముళ్లు చిన్నవైనా పక్క గోడలు దళసరిగా ఉన్నది ఎంచుకున్నాం. ముందు టైరు జారితే మనిషి పడతాడు, వెనకది జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు. అందుకే మంచి రబ్బరు ఎప్పుడూ ముందుకే.

రిమ్ లోపలి వెడల్పు 30 మిల్లీమీటర్లు. రిమ్‌లో పుల్ల రంధ్రాలు మూసే టేపు నా దగ్గర మిగిలింది కూడా 30 మిల్లీమీటర్లదే. సరిపోతుందిలే అని అంటించి, ఒక్కో టైరులో 110 మిల్లీలీటర్ల సీలెంట్ (చిన్న రంధ్రాలు మూసే ద్రవం) పోసి ఇచ్చేశాను. రెండు రోజులకు వెనక చక్రం గాలి పోయిందని తెచ్చారు. సబ్బునీళ్లు పోసి చూస్తే టైరు అంచుల దగ్గర ఒక్క బుడగ లేదు. పుల్ల నిపుల్ (పుల్లను రిమ్‌కు బిగించే గింజ) ఒకదాని చుట్టూ సన్నగా, ఆగకుండా నురగ వస్తోంది. టైరు ఊడదీసి చూస్తే టేపు అంచు ఒక చోట గోడకు అంటక లేచి, సీలెంట్ టేపు కిందికి పాకి పుల్ల రంధ్రాల దాకా చేరింది. టేపు రిమ్ లోపలి వెడల్పు కంటే నాలుగు మిల్లీమీటర్లయినా ఎక్కువ ఉండి, రెండు గోడల మీదికీ కొంచెం ఎక్కాలి. ఇది నాకు తెలియని విషయం కాదు, ఉన్నదానితో సరిపెట్టాలనుకోవడం నా తప్పు. పాత టేపు లాగేసి, జిగురు మొత్తం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, 34 మిల్లీమీటర్ల టేపు బాగా లాగి పట్టి అంటించాను. డబ్బు తీసుకోలేదు. ఆ తర్వాత ఆ చక్రం గాలి దిగలేదు.

ట్యూబు పోయాక ముందు 19, వెనక 22 పీఎస్ఐకి వచ్చాం. మొత్తం తొమ్మిది నెలల్లో ఆవిడకు సైకిల్ మారిపోయినట్టు అనిపించింది ఈ పనికే అని ఇప్పటికీ అంటారు. పెడల్స్ కూడా అదే వారం మార్చాం, ప్లాస్టిక్ పెడల్స్ తీసి ఇనుప మేకులున్న వెడల్పు ఫ్లాట్ పెడల్స్ వేశాం. తనే ఇంట్లో బిగించుకున్నారు. ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుతుందని మాత్రం ముందే చెప్పి పంపాను.

డ్రాపర్

మూడో నెల. దిగుడులో సీటు పొట్టకు తగులుతోంది, వెనక్కి వెళ్లడానికి చోటు లేదు. అందుకే మెట్టుమెట్టుగా ఉన్న రాళ్ల దగ్గర మూడు చోట్ల దిగి నడుస్తున్నారు. నా దృష్టిలో హార్డ్‌టెయిల్‌కు చక్రాల కంటే, ఫోర్క్ కంటే ముందు డ్రాపర్ పోస్టు రావాలి. వెనక సస్పెన్షన్ లేని సైకిల్ మీద మోకాళ్లే సస్పెన్షన్. ఆ మోకాళ్లు వంగడానికి సీటు అడ్డు తొలగాలి.

పోస్టు లావు 30.9. ఇక్కడ తొందరపడకూడని కొలత ఒకటి ఉంది. సీట్ ట్యూబ్ లోపల పోస్టు ఎంత లోతు దిగుతుందో చూడాలి. పాత పోస్టు దించుకుంటూ వెళితే ఒక చోట ఆగిపోయింది. బాటిల్ కేజ్ బోల్టుల గింజలు లోపలికి పొడుచుకుని ఉన్నాయి. సీటు ఎత్తు లెక్క ప్రకారం 150 మిల్లీమీటర్ల డ్రాపర్ పట్టాలి కానీ కింద చోటు లేదు. 125 వేశాం. ముందే కొలవకుండా 150 తెప్పించి ఉంటే అది తిరిగి పంపాల్సి వచ్చేది.

ఎనిమిది రోజులకు ఆ మూడు చోట్లలో రెండు తొక్కుకుంటూ దిగారు.

ఇప్పుడు ఫోర్క్

అయిదో నెలకు మళ్లీ ఫోర్క్ ప్రస్తావన తెచ్చారు, ఈసారి నేనూ సరే అన్నాను. గ్రీజు పెట్టినా స్ప్రింగు స్ప్రింగే, 64 కిలోలకు అది గట్టిదే. పైగా ఇప్పుడు వేగం పెరిగింది. ఎయిర్ ఫోర్క్‌లో గాలి తగ్గిస్తే అది మనిషి బరువుకు తగ్గట్టు మెత్తబడుతుంది. తేలికైనవాళ్లకు ఎయిర్ ఫోర్క్ వల్ల కలిగే మేలు బరువైనవాళ్ల కంటే ఎక్కువ.

150 ఎందుకు వద్దన్నానంటే, ఫ్రేమ్ తయారీదారు ఇచ్చిన పరిమితి 130. ఫోర్క్ పొడవు పెరిగిన కొద్దీ హెడ్ ట్యూబ్ వెల్డింగుల మీద పడే మెలి పెరుగుతుంది. 30 మిల్లీమీటర్లు ఎత్తితే సైకిల్ ఒకటిన్నర డిగ్రీ వెనక్కి వాలుతుంది. సీటు కూడా వెనక్కి పోతుంది. ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతుంది. 130తో హెడ్ యాంగిల్ 66 నుంచి సుమారు 65.5 అయింది, అది మేలే.

కొనేటప్పుడు చూసిన అంకెలు ఇక్కడ అక్కరకొచ్చాయి. టేపర్డ్ కాడ నేరుగా దిగింది. ముందు చక్రం 110×15 కాబట్టి అదే చక్రం. హెడ్‌సెట్ అదే. కాడ కోసేటప్పుడు పాతదాని పక్కన పెట్టి గీత గీసి, 20 మిల్లీమీటర్ల స్పేసర్లకు (కాడ మీద ఎత్తు సర్దే వలయాలకు) చోటు వదిలి కోశాను. కాడ అంచు పై స్పేసర్ కంటే మూడు మిల్లీమీటర్లు కిందికి ఉండేలా చూశాను.

ఫోర్క్ మీద అంటించిన పట్టీలో ఆవిడ బరువుకు చెప్పిన గాలి 72 పీఎస్ఐ. దానితో కుంగుడు 18 మిల్లీమీటర్లే. రెండేసి పీఎస్ఐ తగ్గించుకుంటూ 62కు వచ్చాక 26 వచ్చింది, అంటే 130లో అయిదో వంతు. అదే పాత దారి, జిప్ టై బదులు ఇప్పుడు ఫోర్క్‌కే ఉన్న రబ్బరు రింగు: 118 మిల్లీమీటర్లు వాడుకుంది.

ముందు బ్రేకు రోటర్ (ప్యాడ్లు పట్టే డిస్కు) కూడా అప్పుడే 160 నుంచి 180 మిల్లీమీటర్లు చేశాం. వ్యాసం ఎంత పెరిగితే పట్టు అంత పెరుగుతుంది, ఇక్కడ ఎనిమిదో వంతు. వెనక 160 అలాగే ఉంచాం, ఆవిడ బరువుకు చాలు. పాత రోటర్ మీద రెసిన్ ప్యాడ్లు మాత్రమే వాడాలని ముద్ర ఉండేది, పొడవాటి దిగుడులో మెటల్ ప్యాడ్లు కావాలంటే ఆ ముద్ర లేని రోటర్ తీసుకోవాలి. బ్రేకు వేడి ఈ ఆటకు పుట్టుకతో వచ్చిన సమస్య. 1970ల చివర్లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో పాత సైకిళ్ల మీద కొండ దిగే పందేలు జరిగేవి. వెనక హబ్ బ్రేకులోని గ్రీజు దిగేసరికి కాలి పొగై పోయేది, మళ్లీ గ్రీజు నింపాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు పడింది. కొత్త ప్యాడ్లను కుదిర్చేటప్పుడు వేగం నుంచి నడకదాకా ఇరవై సార్లు మెల్లగా తగ్గించమని చెప్పినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.

12 గేర్లు అడిగారు

ఏడో నెల. "మిగతావాళ్లందరికీ 12 ఉన్నాయి." నేను ఒకటే అడిగాను, మీకు ఏ గేరు తక్కువైంది అని. నిటారు ఎక్కుడులో ఇంకా తేలికైనది కావాలి, అంతే. పై గేరు ఎప్పుడూ చాలడం లేదనిపించలేదు.

ఆమె హబ్ మీద ఉన్నది పాత హెచ్‌జీ రకం ఫ్రీహబ్ (క్యాసెట్ కూర్చునే భాగం). షిమానో 10 పళ్లతో మొదలయ్యే 12 గేర్ల క్యాసెట్‌కు మైక్రో స్ప్లైన్ రకం ఫ్రీహబ్ కావాలి, శ్రామ్‌కు అయితే ఎక్స్‌డీ. హెచ్‌జీ మీద కూర్చునే 11 పళ్ల క్యాసెట్లు ఉన్నాయి కానీ ఏది వేసినా షిఫ్టర్ (గేరు మార్చే లివర్), డెరైలర్, చైన్, క్యాసెట్ నాలుగూ ఒకేసారి మారాలి. కావలసింది ఒక్క తేలిక గేరు అయినప్పుడు ఆ ఖర్చు నాకు నచ్చలేదు.

ముందు చైన్‌రింగ్ (పెడల్స్ దగ్గరి పళ్ల చక్రం) 32 పళ్లు. 28 చేస్తే అతి తేలిక గేరులో క్రాంక్ (పెడల్ బిగించే చెయ్యి) ఒక చుట్టుకు సైకిల్ 1.75 మీటర్లు బదులు 1.53 మీటర్లే కదులుతుంది. అయితే పాత క్రాంక్‌లో రింగు బోల్టులు ఉండే వృత్తం 104 మిల్లీమీటర్లది, దానికి 30 కంటే చిన్నది పట్టదు. అది 175 మిల్లీమీటర్ల పొడవు కూడా, ఆవిడ కాళ్లకు ఎక్కువ. అందుకని క్రాంకే మార్చాం: 165 పొడవు, డైరెక్ట్ మౌంట్ (ఆ బోల్టుల వృత్తం లేకుండా నేరుగా క్రాంక్‌కే ఎక్కే) 28 పళ్ల రింగు. మోకాళ్లు పైన తక్కువ వంగుతున్నాయి, పెడల్ రాళ్లకు తగలడమూ తగ్గింది. పై గేరు 28/11తో నిమిషానికి 90 చుట్లు తిప్పితే గంటకు 31 కిలోమీటర్ల పైమాటే. కొండదారిలో ఆవిడ అంతకు మించి తొక్కి వెళ్లరు.

చైన్‌ను గేజ్‌తో చూస్తే సాగుడు 0.5 శాతం దాటింది. 9 గేర్ల చైన్ 0.75 దాకా ఆగుతుంది కానీ క్రాంక్‌తో పాటే కొత్తది వేసేశాను. క్యాసెట్ పళ్లు ఇంకా బాగున్నాయి, అవి నిలవాలంటే చైన్ ముందే మారాలి.

ఇప్పుడు

తొమ్మిదో నెలలో స్టాండ్ ఎక్కినప్పుడు చూశాను. ఫ్రేమ్, రెండు చక్రాలు, హెడ్‌సెట్, డెరైలర్, షిఫ్టర్, క్యాసెట్, వెనక బ్రేకు, సీటు అన్నీ కొన్ననాటివే. సీలెంట్ సగం ఎండింది, మళ్లీ పోశాను. వెనక రిమ్ అంచులో ఒక చోట చిన్న సొట్ట కనిపించింది, పక్కన రెండు పుల్లలు వదులు. ముందు ఫోర్క్ బాగా పనిచేయడంతో ఆవిడ ఇప్పుడు వేగంగా వెళుతున్నారు, దెబ్బ మొత్తం వెనక చక్రం తింటోంది. సొట్ట దగ్గర గాలి పోవడం లేదు కాబట్టి పుల్లలు సరిచేసి, వెనక 22 బదులు 24 పీఎస్ఐ పెట్టి పంపాను. దానితో పట్టు తగ్గిందనిపిస్తే వెనక టైరులో ఫోమ్ ఇన్సర్ట్ (రిమ్‌ను కాపాడే నురుగు పట్టీ) వేసి మళ్లీ 22కు దించుదామన్నాను. రెండు రైడ్లు తొక్కి చూసి ఫోన్ చేస్తానన్నారు.